ఊడిపోయే పళ్లే కదా!

సోమవారం పూట వేములవాడ రాజన్న గుడి కల్యాణకట్ట దగ్గర కాసేపు నిలబడితే చాలు, చుట్టుపక్కల జిల్లాల పసిపిల్లల నోళ్లన్నీ చూడొచ్చు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఏ పిల్లా నోరు మూసుకుని కూర్చోదు. కత్తి తలకు ఆనగానే గుక్కపట్టి ఏడుస్తుంది. నేను పిల్లల పళ్ల డాక్టర్ని. ఏడ్చే నోట్లోకి చూడటం నాకు అలవాటైన పని. తొమ్మిదో నెల పిల్లకు కింద రెండు పళ్లు అప్పుడే తొంగిచూస్తుంటాయి. పదకొండో నెల పిల్లాడికి పైన కూడా చిగురు చీల్చుకుని వస్తుంటాయి. మూడో ఏట మొక్కు తీర్చడానికి తెచ్చిన పిల్లలకు ఇరవై పళ్లూ దాదాపు వచ్చేసి ఉంటాయి. వాటిలో పైన ముందున్న నాలుగూ గోధుమరంగుకు తిరిగి, అంచులు విరిగిన పిల్లలు కూడా కనిపిస్తూనే ఉంటారు.

వెంట్రుకలు బేసి నెలలో తీయించాలా, సరి నెలలోనా, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలా అన్నది ఇంటిల్లిపాదికీ తెలుసు. మొదటి పన్ను ఎప్పుడొస్తుంది, చివరి పాలపన్ను ఎప్పుడూడుతుంది అని అడిగితే మాత్రం తల్లి అత్త వైపు చూస్తుంది, అత్త నా వైపు చూస్తుంది.

ఇది నిర్లక్ష్యం కాదు. పిల్లలంటే ప్రాణం పెట్టే జనం మనం. సిరిసిల్లలో రాత్రంతా సాంచాల దగ్గర నిలబడి వచ్చిన తండ్రి, పొద్దున్నే పిల్లను బండి మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకొస్తాడు. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి ఆ రోజు చాట పక్కన పెట్టి, కూలి పోయినా సరే వస్తుంది. కాకపోతే ఆగాల్సిన విషయంలో తొందరపడుతున్నారు, తొందరపడాల్సిన విషయంలో ఆగుతున్నారు. రెండేళ్ల పిల్లాడు వేలు చీకితే కంగారు. ఐదేళ్ల పిల్లకు దవడ పన్ను పుచ్చితే మాత్రం తీరిక. ఈ పూట నేను చెప్పేదంతా ఈ తారుమారు గురించే.

పళ్లు రావడం దగ్గర మొదలుపెడదాం. పాలపళ్లకు బీజం పడేది తల్లి కడుపులోనే, ఆరో వారం ప్రాంతంలో. నాలుగో నెలకు అవి గట్టిపడటం మొదలవుతుంది. పుట్టాక ఆరో నెలకు అటూఇటూగా కింది ముందుపళ్లు బయటికొస్తాయి. కొందరికి నాలుగో నెలకే రావచ్చు, కొందరికి ఏడాది నిండినా రాకపోవచ్చు. పక్కింటి పిల్లకు ముందొచ్చాయని మన పిల్లకు ఏదో లోపమున్నట్టు కాదు. పైపళ్లు ముందొస్తే మేనమామకు గండమని మన వైపు ఒక భయం ఉంది. వరుస మారడం మామూలే, మేనమామలందరూ నిశ్చింతగా ఉండొచ్చు. పుట్టుకతోనే పన్నుతో వచ్చే పిల్లలు కూడా అరుదుగా ఉంటారు. అది ఎక్కువసార్లు అదనపు పన్ను కాదు, తొందరపడి వచ్చిన పాలపన్నే. అపశకునమని పీకించేయక ముందు ఎవరికైనా చూపించండి. బాగా కదులుతూ గొంతులో పడే ప్రమాదం ఉంటేనో, తల్లిపాలు తాగడానికి అడ్డమొస్తేనో డాక్టరే తీస్తాడు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టే మాట ఇంకొకటుంది. "పండ్లొస్తున్నయ్ గదా, విరేచనాలు అయితయ్ తియ్." పళ్లు వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిగురు దురదపెడుతుంది, పిల్ల చిరాకు పడుతుంది, ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు. అంతే. గట్టి జ్వరానికీ నీళ్ల విరేచనాలకూ పన్ను కారణం కాదు. ఆ వయసులోనే పిల్లలు పాకుతారు, నేలమీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, కడుపు అందుకే చెడుతుంది. పన్ను మీద నెపం పెట్టి రెండు రోజులు ఊరుకుంటే ఒంట్లో నీరంతా పోతుంది. ఓఆర్‌ఎస్ కలిపి తాగిస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక పిప్పిపళ్ల సంగతి. పొద్దున చాయ్‌లో బిస్కెట్, మధ్యాహ్నం అంగడి నుంచి ఏదో ఒక పొట్లం, రాత్రి నోట్లో పాలసీసాతో నిద్ర. గల్ఫ్ నుంచి ఎవరైనా సెలవు మీద వస్తే ఇక చెప్పక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల, వేములవాడ పల్లెల్లో దుబాయి పెట్టె విప్పిన ఇంట్లో చాక్లెట్లు నెలరోజులు నడుస్తాయి. తండ్రి రెండేళ్లకోసారి వస్తాడు, బిడ్డకు తీపి పెట్టొద్దని ఎవరనగలరు? నేనూ అనను. రోజంతా కొంచెం కొంచెంగా కాకుండా, అన్నం తిన్నాక ఒకేసారి పెట్టమంటాను. తీపి ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ఎక్కువ కీడు చేస్తుంది. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం మంచి ఆహారం. అందులో పాలపొడి, శనగపిండి, గోధుమలతో పాటు చక్కెర కూడా ఉంటుంది. తినిపించండి, తిన్నాక రెండు గుటకలు నీళ్లు తాగించండి.

రాత్రి సీసా విషయంలో మాత్రం నేను రాజీపడను. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. చక్కెర కలిపిన పాలు పైపళ్ల చుట్టూ నిలిచి పులుస్తాయి, ఆ పులుపు పంటి పైపొరను తినేస్తుంది. కింది ముందుపళ్లను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి బతుకుతాయి, పైనున్న నాలుగే ముందు పోతాయి. కల్యాణకట్ట దగ్గర కనిపించే గోధుమరంగు పళ్ల కథ చాలావరకు ఇదే. పాలు తాగించండి, తడిగుడ్డతో తుడవండి, తర్వాతే పడుకోబెట్టండి. తేనెపీకను తేనెలోనో చక్కెరలోనో ముంచి ఇచ్చే అలవాటు ఉంటే ఈ రోజుతోనే మానండి. మొదటి పన్ను వచ్చినప్పటి నుంచే ఫ్లోరైడ్ ఉన్న పేస్టును బియ్యపు గింజంత బ్రష్షు మీద రాసి తోమొచ్చు. మూడేళ్లు దాటాక బఠాణీ గింజంత. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలి. మీసాల దాకా నురగ చేసుకుని వచ్చి "అయిపోయింది" అనే పిల్లల మాట నమ్మకండి. బీడీలు చుట్టే తల్లులు పిల్ల నోట్లో వేలు పెట్టేముందు చేతులకున్న తంబాకు పోయేలా సబ్బుతో కడుక్కోవాలి. పన్ను నొప్పి తగ్గుతుందని పిప్పిపంట్లో తంబాకు కుక్కే పని అసలే చేయొద్దు.

2002-03లో దేశమంతటా జరిపిన దంత ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగానికి పైగా పిప్పిపళ్లు ఉన్నట్టు తేలింది. అంటే తరగతి గదిలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే ఒకరికి ఉన్నట్టే. అయినా నా గదిలో నేను తరచూ వినే మాట, "ఊడిపొయ్యే పన్నే గదా మేడం, పీకెయ్యిండ్రి." ఇదే నాకు బాగా కష్టమనిపించే మాట. ముందుపళ్లు ఆరు, ఏడేళ్లకే ఊడతాయి, నిజమే. వెనక దవడల మీదున్న పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఐదేళ్లకు పీకితే ఆ చోటు ఐదారేళ్లు ఖాళీ. కరీంనగర్ బస్సు ఎక్కకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుతాం కదా, పాలపన్ను లోపలున్న శాశ్వత పన్ను కోసం అలా చోటు ఆపుతుంది. దస్తీ తీసేస్తే పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు. తర్వాత వచ్చే పన్ను చోటు లేక వంకరగా, పైకెక్కి, లేదా లోపలే ఇరుక్కుని ఉండిపోతుంది. పన్నెండేళ్లకు "క్లిప్పులు పెట్టించాలి" అని తెలిసి తలపట్టుకునే తల్లిదండ్రులు చాలామంది ఐదేళ్లప్పుడు ఈ పన్ను పీకించినవాళ్లే. పుచ్చు చిన్నదిగా ఉన్నప్పుడే సిమెంటు నింపించుకోండి. పెద్దదైతే పాలపంటికి కూడా నరం చికిత్స చేసి క్యాప్ వేస్తారు. తప్పక పీకాల్సి వస్తే ఆ చోటు మూసుకుపోకుండా చిన్న తీగ అమర్చుతారు. డాక్టర్‌ని ఆ తీగ గురించి అడిగే హక్కు మీకుంది, అడగండి.

ఇప్పుడు వేలు చీకడం. పాపం, పిల్లలు దీనికి తిన్నన్ని దెబ్బలు మరే అలవాటుకూ తిని ఉండరు. వేలికి కారం రాయడం, వేపాకు నూరి పూయడం, గుడ్డ చుట్టి కట్టేయడం, పక్కింటి పిల్లల ముందు వెక్కిరించడం, ఇవన్నీ నేను చూశాను. ఒక విషయం గమనించండి. మర్రాకు మీద పడుకుని కాలి బొటనవేలు చీకుతున్న వటపత్రశాయి పటం మన పూజగదిలోనే ఉంటుంది. ఆయన చేస్తే లీల, మన పిల్లాడు చేస్తే రోత.

తల్లి కడుపులో ఉండగానే పిల్లలు వేలు చీకుతారు. స్కానింగ్‌లో అది స్పష్టంగా కనబడుతుంది. పాలు తాగడానికి ప్రకృతి నేర్పే మొదటి సాధన అది. 1879లో బుడాపెస్ట్‌లో లిండ్నర్ అనే పిల్లల వైద్యుడు ఈ అలవాటు మీద రాసిన వ్యాసాన్ని 1905లో ఫ్రాయిడ్ తన సిద్ధాంతానికి వాడుకున్నాడు. ఆ తర్వాత మనస్తత్వవేత్తలూ పళ్ల వైద్యులూ దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదనలన్నీ పక్కన పెట్టినా తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతి ఒకటి మిగులుతుంది. రెండు, మూడేళ్ల దాకా వేలు చీకడం మామూలు. ఎక్కువమంది పిల్లలు నాలుగేళ్లలోపు తమంతట తామే మానేస్తారు. మీరు చేయాల్సిందల్లా ఊరుకోవడమే, అదే మీకు చాలా కష్టం.

నాలుగు దాటి, ఐదు దాటి ఇంకా సాగితే అప్పుడు పట్టించుకోవాలి. ఎందుకంటే ఆరో ఏట శాశ్వత ముందుపళ్లు మొదలవుతాయి. వేలు పైపళ్లను బయటికి నెడుతుంది, కిందిపళ్లను లోపలికి నొక్కుతుంది. నాలుక కిందికి దిగిపోతుంది. బుగ్గలు రెండువైపులా నొక్కి పై దవడను ఇరుకు చేస్తాయి. ఎత్తుపళ్లు వస్తాయి. దవడపళ్లు కలిసినా ముందుపళ్ల మధ్య సందు మిగులుతుంది, ఆ సందులోంచి నాలుక బయటికి రావడం మరో అలవాటవుతుంది. ఇదంతా ఎంతసేపు చీకుతారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. టీవీ ముందు పది నిమిషాలు టపటపా చీకే పిల్లాడి పళ్లు అంతగా కదలవు. చప్పుడు చేయకుండా రాత్రంతా వేలు నోట్లో ఉంచుకుని పడుకునే పిల్ల పళ్లు కదులుతాయి. రోజుకు ఆరు గంటలు దాటితే పన్ను జరగడం మొదలవుతుందని మా పుస్తకాలు చెబుతాయి. అందుకే తిట్టేముందు గడియారం చూడండి. నిద్రలో ఎంతసేపు ఉంటోందో చూడండి.

ఇంకో సంగతీ చూడాలి. మన ప్రాంతంలో నాన్న దుబాయిలో, మస్కట్‌లో, అమ్మ బీడీల దగ్గర, పిల్ల నాయనమ్మ దగ్గర పెరిగే ఇళ్లు ఎన్నో. నాన్న విమానమెక్కిన వారంలో మానేసిన వేలు మళ్లీ నోట్లోకి పోవడం నేను చూశాను. తమ్ముడు పుట్టినప్పుడూ, హాస్టల్లో వేసినప్పుడూ ఇంతే. ఆ పిల్లకు వేలు ఓదార్పు. నాన్న వీడియో కాల్‌లో "ముందు ఏలు తియ్, తర్వాతే మాట్లాడుత" అంటే ఆ ఓదార్పు అవసరం ఇంకా పెరుగుతుంది. నాన్నలారా, మీరు ఆ ఫోన్‌లో పిల్ల ఏం తిన్నది, బడిలో ఎవరితో ఆడింది అని అడగండి. వేలు మాట ఎత్తకండి.

ఐదారేళ్ల పిల్లకు విషయం చెబితే అర్థమవుతుంది. అద్దం ముందు కూర్చోబెట్టి పళ్లు చూపించి "చూడు, వేలు ఇట్ల తోస్తుంది" అని చెప్పాలి. అమెరికన్ మనస్తత్వవేత్త నైట్ డన్‌లప్ 1932లో ఒక విచిత్రమైన ఉపాయం రాశాడు. మానాలనుకున్న అలవాటును పట్టుదలగా, కావాలని, అద్దం ముందు చేయమన్నాడు. తెలియకుండా చేసేది తెలిసి చేస్తే పట్టు సడలుతుందని ఆయన ఆలోచన. కాస్త బుద్ధి తెలిసిన పిల్లల దగ్గర ఇది పనిచేయడం నేను చూశాను. వేలు పెట్టని రాత్రికి క్యాలెండర్ మీద ఒక చుక్క, పది చుక్కలకు ఒక బహుమానం. రాత్రి చేతికి మెత్తని సాక్సు తొడగడం కూడా ఒక దారి, అయితే పిల్ల ఒప్పుకుంటేనే. వీటితో కాకపోతే పైపళ్ల వెనక అమర్చే చిన్న తీగ పరికరం ఉంది. దాన్ని శిక్షగా కాకుండా గుర్తుచేసే సాయంగా పిల్లకు చెప్పి పెట్టాలి. శాశ్వత ముందుపళ్లు పూర్తిగా దిగేలోపు అలవాటు పోతే ముందుపళ్ల సందు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. ఇరుకైన పై దవడ మాత్రం అంత సులువుగా వెడల్పవదు.

వేలు మీద ఇంత గొడవపడే ఇళ్లలోనే ఒక పెద్ద విషయం ఎవరి కంటా పడదు. నోటితో గాలి పీల్చడం. పిల్ల నోరు తెరుచుకుని పడుకుంటుంది, గురకపెడుతుంది, దిండు తడుస్తుంది, పొద్దున పెదాలు ఎండిపోయి లేస్తుంది. "వాళ్ల తాత లెక్క గురక" అని అందరూ నవ్వుతారు. చిన్నపిల్లల గురకకు నవ్వకండి. ముక్కు వెనక అడినాయిడ్ గడ్డలు గానీ, పెద్ద టాన్సిల్స్ గానీ, తగ్గని జలుబు గానీ దారి మూస్తుంటే పిల్ల నోటితో బతుకుతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే నాలుక అంగిలికి ఆనదు, పై దవడ ఇరుకవుతుంది, ముఖం పొడవవుతుంది, ముందుపళ్లు ఎత్తుగా వస్తాయి. నిద్ర సరిగా పట్టక పగలు బడిలో తూలుతుంది, చదువు రాదని దెబ్బలు తింటుంది. ఇంట్లో ఒక పరీక్ష చేయొచ్చు. కాస్త పెద్ద పిల్లయితే నోట్లో ఒక గుక్కెడు నీళ్లు పోసి పెదాలు మూసి రెండు నిమిషాలు ఉండమనండి. ఉండలేక నీళ్లు వదిలేస్తే ముక్కుకు అడ్డముందని అనుమానించాలి. అలాంటి పిల్లను ముందు నా దగ్గరికి కాదు, చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దారి తెరవకుండా క్లిప్పులు పెట్టి లాభం లేదు.

గోళ్లు కొరకడం గురించి ఎక్కువ చెప్పను. గోళ్లు చిన్నగా కత్తిరించండి, పరీక్షల బెంగ ఏమైనా ఉందేమో అడగండి. నిద్రలో పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులని ఇంటింటా అంటారు. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలోనూ అంగన్‌వాడీలోనూ ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పక వేయించండి, అది పురుగులకు మందు. పళ్లు కొరకడానికి పురుగులే కారణమని మాత్రం ఎక్కడా రుజువు కాలేదు. చిన్నపిల్లల్లో అది మామూలే, శాశ్వత పళ్లు వచ్చేకొద్దీ తగ్గుతుంది.

మరి తొందరపడకూడనివి? ఆరేడేళ్లకు కింది పాలపళ్ల వెనక నుంచి కొత్త పళ్లు మొలిచి రెండు వరుసలు కనిపిస్తే ఇల్లంతా హడలిపోతుంది. పాలపన్ను కదులుతుంటే ఊగించి ఊడనివ్వండి. ఊడాక కొత్త పన్నును నాలుకే ముందుకు నెడుతుంది. పాత పన్ను అసలు కదలకపోతే వచ్చి చూపించండి. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి గూనపెంకుల మీదికి విసిరే వేడుక మాత్రం మానకండి, పిల్లలకు పళ్ల మీద ప్రేమ పుట్టించడంలో అది మా ఉపన్యాసాలకంటే మేలు. ఎనిమిదేళ్లకు పై ముందుపళ్లు రెండూ విడివిడిగా, వెడల్పుగా, కాస్త బయటికి వాలి కనబడతాయి. "మొఖం పాడైంది, తీగ వేయండి" అంటారు. 1937లో హోలీ బ్రాడ్‌బెంట్ అనే అమెరికన్ పళ్ల వైద్యుడు ఈ దశకు అందవికారపు బాతుపిల్ల దశ అని పేరు పెట్టాడు. లోపల దిగుతున్న కోరపళ్లు ముందుపళ్ల వేళ్లను నొక్కడం వల్ల వచ్చే సందు అది. పదకొండు, పన్నెండేళ్లకు కోరపళ్లు బయటికొచ్చాక చాలామందిలో ఆ సందు మూసుకుంటుంది. ఒకసారి చూపించి పెట్టుకోండి, వైర్లకు ఎగబడకండి. మూడు, నాలుగేళ్ల పిల్లల పాలపళ్ల మధ్య సందులున్నా బెంగపడొద్దు. తర్వాత వచ్చే పెద్ద పళ్లకు అదే చోటు. సందులే లేకుండా ముత్యాల వరుసలా ఉంటేనే రేపు ఇరుకయ్యే అవకాశం ఎక్కువ.

పిల్లను మొదటిసారి పళ్ల డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలని అడుగుతారు. మొదటి పుట్టినరోజులోపు అంటే నమ్మరు. నొప్పి లేని రోజున వచ్చిన పిల్లకు ఆ కుర్చీ అంటే భయముండదు, అదే అసలు లాభం. దవాఖానకు పోయే వీలు లేనివారికి ఒక దారి ఉంది. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వస్తాయి. అవి చూడాల్సిన జబ్బుల్లో పిప్పిపళ్లు కూడా ఉన్నాయి. ఆ రోజు పిల్లను బడి మాన్పించకండి. నోరు కూడా చూడమని, చూసింది కార్డు మీద రాయమని అడగండి. పెద్ద దవాఖానకు రాసిస్తే ఆ కాగితం బీరువాలో దాచకుండా ఆ వారంలోనే వెళ్లండి.

చివరగా ఒక పని చెబుతాను. మీ ఇంట్లో ఆరేడేళ్ల పిల్ల ఉంటే ఈ రాత్రి అన్నం తిన్నాక ఫోన్ లైటు వేసి నోరు తెరవమనండి. పాలపళ్లన్నిటికీ వెనక, దవడ చివర ఒక పెద్ద పన్ను కనిపిస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే అది వస్తుంది కాబట్టి అందరూ దాన్ని పాలపన్నే అనుకుంటారు. అది పాలపన్ను కాదు. అది శాశ్వత పన్ను, ఒక్కో దవడకు రెండు చొప్పున మొత్తం నాలుగు. వాటి మీద నల్లని గీత గానీ గుంట గానీ కనబడితే రేపే చూపించండి. అది పోతే మళ్లీ రాదు.